మాయ బయటికొచ్చాక కూడా బీపీ ఎందుకు పెరుగుతుంది? బాలింతల ప్రీఎక్లాంప్సియాలో ఇమ్యూన్ సిస్టమ్ పాత్ర

వెన్నెలబాట

ప్రీఎక్లాంప్సియాకు (గర్భంతో ముడిపడి బీపీ పెరిగి, కిడ్నీ, లివర్ లాంటివి దెబ్బతినే జబ్బు) మూలం మాయ (ప్లాసెంటా) అనీ, అది బయటికొచ్చేస్తే జబ్బు సర్దుకుంటుందనీ పుస్తకాలన్నీ చెబుతాయి. మరి తొమ్మిది నెలలూ బీపీ మామూలుగా ఉన్న మనిషికి కాన్పయిన నాలుగో రోజో ఐదో రోజో 170/110 ఎలా వస్తుంది? ఫిట్స్ దాకా ఎందుకు పోతుంది?

ఇందులో ఇమ్యూన్ సిస్టమ్ పాత్ర ఉందంటారు. అయితే రాసేవాళ్లంతా గర్భంలో ఏం జరుగుతుందో చెప్పి ఆపేస్తారు. మాయ పోయాక ఆ ఇమ్యూన్ గొడవ ఎక్కడ మిగిలి ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది, దాన్ని బట్టి వైద్యం ఏమైనా మారుతుందా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

సూక్ష్మదర్శిని

మొదటి సగం తెలియకపోతే రెండో సగం అర్థం కాదు కాబట్టి గర్భంతోనే మొదలుపెడతాను.

పిండంలో సగం తండ్రిది. తల్లి ఇమ్యూన్ కణాలకు అది పరాయి సరుకే. అయినా దాన్ని తరిమేయకుండా ఉండటానికి రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది, గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్లే మాయ కణాలు (ట్రోఫోబ్లాస్టులు) మామూలుగా దాడికి గురయ్యే హెచ్‌ఎల్‌ఏ-ఏ, హెచ్‌ఎల్‌ఏ-బి గుర్తులను పైకి చూపించవు. హెచ్‌ఎల్‌ఏ-సి, హెచ్‌ఎల్‌ఏ-జి, హెచ్‌ఎల్‌ఏ-ఇ మాత్రమే చూపిస్తాయి. రెండోది, రెగ్యులేటరీ టి కణాలు పెరిగి మిగతా టి కణాలను అదుపులో పెడతాయి.

గర్భసంచి లోపలి పొరలో ఉండే ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలను చాలామంది చంపే కణాలుగానే ఊహించుకుంటారు. ఇక్కడ వాటి పని అది కాదు. ట్రోఫోబ్లాస్టు మీది హెచ్‌ఎల్‌ఏ-సిని తమ కిర్ రిసెప్టర్లతో తడిమి చూసి, మాయకు రక్తం తెచ్చే తల్లి స్పైరల్ ధమనులు వెడల్పయ్యేందుకు సాయపడతాయి. తల్లికి కిర్ ఏఏ రకం జన్యువులుండి, బిడ్డకు తండ్రి వైపు నుంచి హెచ్‌ఎల్‌ఏ-సి2 వస్తే ఆ ఎన్‌కే కణాలకు ఆపమనే సంకేతమే బలంగా అందుతుంది. ధమనులు సరిగా వెడల్పు కావు. ఈ జోడీలో ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా కనబడుతుందని 2004లో తేలింది.

ధమనులు ఇరుకైతే మాయకు రక్తం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చొప్పున, ఒత్తిడితో వచ్చి పడుతుంది. ఆ దెబ్బకు మాయ ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1 అనే ప్రొటీన్‌ను తల్లి రక్తంలోకి వదులుతుంది. రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికి కావలసిన వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే ప్రొటీన్లను అది పట్టేసుకుంటుంది. 2003లో ఎలుకలకు ఈ ఒక్క ప్రొటీన్‌ను ఎక్కువ చేసి చూస్తే బీపీ, మూత్రంలో ప్రొటీన్, కిడ్నీలో ప్రీఎక్లాంప్సియాకు తగిన మార్పులు మూడూ వచ్చాయి.

మీ ప్రశ్న ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1 కాన్పయిన రెండు మూడు రోజుల్లోనే బాగా పడిపోతుంది. ఐదో రోజు బీపీకి దాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేం.

నైట్‌డ్యూటీ

సూక్ష్మదర్శిని గారు ఇమ్యూన్ కథ ముగించేలోపు ఒక మామూలు విషయం చెప్పాలి. దీన్ని వదిలేస్తే మిగతాదంతా గాల్లో ఉంటుంది.

గర్భంలో ఒంట్లో 6 నుంచి 8 లీటర్ల నీరు అదనంగా చేరుతుంది, దానికి తగ్గ సోడియం కూడా. కాన్పయ్యాక కాళ్లలో, కణజాలంలో నిలవున్న ఆ నీరు రక్తనాళాల్లోకి తిరిగొస్తుంది. అందుకే ఏ ఇబ్బందీ లేని బాలింతలకు కూడా బీపీ 3 నుంచి 6 రోజుల మధ్య అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. అదే సమయానికి చాలామంది ఇంటికెళ్లిపోయి ఉంటారు. అసలు ప్రమాదం అక్కడే.

లోపలి పొర బాగున్న రక్తనాళం ఈ నీటికి సాగి చోటిస్తుంది. దెబ్బతిన్న నాళం సాగదు, బిగుసుకుంటుంది. అంటే నీరు నిప్పురవ్వ మాత్రమే. అంటుకోవడానికి ఎండుగడ్డి ముందే ఉండాలి, ఆ గడ్డిని పరిచేది ఇమ్యూన్ భాగమని నా అభిప్రాయం.

లెక్కలు కూడా పెడుతున్నాను, చర్చ దారి తప్పకుండా. బీపీ 140/90 లేదా ఆపైన, కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ రోజుకు 300 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువ (ఒకే నమూనాలో ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి 0.3). ప్రొటీన్ లేకపోయినా ప్లేట్‌లెట్లు లక్ష లోపు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) 1.1 దాటడం, లివర్ ఎంజైములు రెట్టింపవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మందులకు లొంగని తలనొప్పి, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. కాన్పయిన ఆరు వారాల దాకా ఈ జబ్బు కొత్తగా రావచ్చు. ఎక్కువ కేసులు మొదటి వారం పది రోజుల్లోనే.

160/110 పదిహేను నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే అది ఎమర్జెన్సీ. 30 నుంచి 60 నిమిషాల్లోపు మందు ఒంట్లో పడాలి.

వెన్నెలబాట

నైట్‌డ్యూటీ గారూ, నీటి సంగతి స్పష్టంగా ఉంది. మరి ఆ "ఎండుగడ్డి" ఏమిటో ఎవరైనా చెప్పండి. ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1 పోయాక ఒంట్లో మిగిలేది ఏమిటి?

సూక్ష్మదర్శిని

నా లెక్కలో ముఖ్యమైనవి మూడు.

ముందు యాంటీబాడీలు. యాంజియోటెన్సిన్ హార్మోన్ రక్తనాళాన్ని బిగించడానికి ఏటీ1 అనే రిసెప్టర్ మీద కూర్చుంటుంది. ప్రీఎక్లాంప్సియా వచ్చిన చాలామందిలో అదే రిసెప్టర్‌ను పట్టుకుని, హార్మోన్ లాగానే దాన్ని నడిపించే యాంటీబాడీలు ఉంటాయని 1999లో కనిపెట్టారు. అలాంటి యాంటీబాడీలను గర్భంతో ఉన్న చుంచెలుకల్లోకి ఎక్కిస్తే బీపీ, ప్రొటీన్ రెండూ వచ్చాయి.

మాయ బయటికొచ్చినంత మాత్రాన ఇవి పోవు. ఇవి ఐజీజీ రకం. రక్తంలో ఐజీజీ సగానికి తగ్గడానికి సుమారు 21 రోజులు పడుతుంది. కొత్తగా ఒక్క యాంటీబాడీ కూడా తయారు కాలేదనుకున్నా మూడో వారానికి సగం, ఆరో వారానికి పాతిక శాతం మిగిలే ఉంటాయి. తయారుచేసే బి కణాలు పని ఆపకపోతే ఇంకా ఎక్కువ. ప్రీఎక్లాంప్సియా వచ్చి తగ్గిన కొందరిలో ఏడాదిన్నర తర్వాత కూడా ఇవి దొరికాయి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ యాంటీబాడీ పరీక్ష పరిశోధనశాలల్లోనే జరుగుతుంది. దాన్ని బట్టి మందు మార్చే పద్ధతి ఎక్కడా లేదు.

తర్వాతది టి కణాల తూకం. ప్రీఎక్లాంప్సియాలో రెగ్యులేటరీ టి కణాలు తగ్గి, వాపును రెచ్చగొట్టే టీహెచ్17 కణాలు పెరుగుతాయి. వాపును అణచే సంకేతం ఐఎల్-10 తగ్గుతుంది, వాపును పెంచే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 పెరుగుతాయి. ఇవి రక్తనాళం లోపలి పొరను ఉసిగొల్పి ఎండోథెలిన్-1ను విడుదల చేయిస్తాయి. నాళాన్ని బిగించడంలో దానిది పెద్ద చెయ్యి. ఆపైన కాన్పు ఎలాగూ ఇమ్యూన్ సిస్టమ్‌కు పెద్ద మలుపు. గర్భంలో సద్దుమణిగి ఉన్న రుమటాయిడ్ ఆర్థరైటిస్ కాన్పయ్యాక తిరగబెట్టడం, థైరాయిడ్ వాపు రావడం ఈ కాలంలో మామూలే. అదుపు సడలే సమయం అది. గర్భసంచి కుంచించుకుపోవడమంటే మాక్రోఫేజులు, న్యూట్రోఫిల్స్ వచ్చి పాత కణజాలాన్ని శుభ్రం చేయడం. వాపు సంకేతాలు రక్తంలో ఎక్కువగా ఉండేదీ అప్పుడే. సిజేరియన్ గాయం ఉంటే మరికొంత కలుస్తుంది.

మూడోది కాంప్లిమెంట్ అనే రక్తంలోని ప్రొటీన్ల వ్యవస్థ. దాని గురించి మూత్రపిండం గారు రాస్తే బాగుంటుంది.

ఇక మాయ ముక్కలు మిగిలిపోవడం వల్లేనా అని తప్పకుండా అడుగుతారు. మాయ నుంచి రాలిన సూక్ష్మ కణికలు, పిండం డీఎన్ఏ తల్లి రక్తంలోంచి తొందరగానే వెళ్లిపోతాయి. కాబట్టి ప్రతి బాలింత బీపీకీ గర్భసంచి గోకించాలన్న ఆలోచనకు ఆధారం లేదు. రక్తస్రావం ఆగకపోయినా స్కాన్‌లో ముక్క కనబడినా అది వేరే విషయం.

మూత్రపిండం

పిలిచారు కాబట్టి వచ్చాను. ఇమ్యూన్ సంగతి తెలియడం వల్ల వైద్యం నిజంగా మారే చోటు ఇదొక్కటే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

కాంప్లిమెంట్ అంటే రక్తంలో ఎప్పుడూ సిద్ధంగా తిరిగే ప్రొటీన్ల వరుస. ఒకటి తెగితే దాని వెనకది తెగుతూ చివరికి సీ5బీ-9 అనే గొట్టంలాంటి నిర్మాణం కణం పొరకు చిల్లు పెడుతుంది. మన సొంత కణాల మీద అది జరగకుండా ఫ్యాక్టర్ హెచ్, ఫ్యాక్టర్ ఐ, ఎంసీపీ అనే కాపలాదారులుంటాయి. కాపలా జన్యువుల్లో పుట్టుకతో లోపం ఉన్నవాళ్లకు మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. గర్భం, కాన్పు, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ లాంటి ఒత్తిడి వచ్చినప్పుడు బయటపడుతుంది. లూపస్ (ఒంటి సొంత కణాల మీదే ఇమ్యూన్ దాడి జరిగే జబ్బు), యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు (యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టేది) ఉండి ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లలో కొందరికి ఈ లోపాలు ఉన్నట్టు 2011లో చూపించారు.

హెల్ప్ సిండ్రోమ్‌లో ఎర్రకణాలు పగులుతాయి, లివర్ ఎంజైములు పెరుగుతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. గుర్తుకు పెట్టుకునే అంకెలు ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే పెరిగే ఎంజైమ్) 600 లేదా ఆపైన, ఏఎస్‌టీ (లివర్ ఎంజైమ్) 70 లేదా ఆపైన, ప్లేట్‌లెట్లు లక్ష లోపు. ఇందులో సుమారు మూడో వంతు కేసులు కాన్పు తర్వాతే బయటపడతాయి. మామూలు హెల్ప్ అయితే కాన్పయిన 48 నుంచి 72 గంటల్లో మలుపు తిరగాలి. ప్లేట్‌లెట్లు ఎక్కాలి, ఎల్‌డీహెచ్ దిగాలి.

మూడో రోజు దాటాక కూడా ప్లేట్‌లెట్లు పడుతూనే ఉన్నా, క్రియాటినిన్ రోజురోజుకూ పెరుగుతున్నా "ఇంకో రెండు రోజులు చూద్దాం" అనకూడదు. రెండు జబ్బులను వెంటనే విడదీయాలి. ఒకటి టీటీపీ, అంటే అడామ్‌టీఎస్13 అనే ఎంజైమ్ లేక చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే జబ్బు. ప్లేట్‌లెట్లు తరచుగా 30 వేల లోపుకు పడతాయి, క్రియాటినిన్ మాత్రం అంతగా పెరగదు, అడామ్‌టీఎస్13 పనితనం 10 శాతం లోపు ఉంటుంది. దీనికి వెంటనే ప్లాస్మా మార్పిడి, స్టెరాయిడ్లు. ఇంకొకటి కాంప్లిమెంట్ వల్ల వచ్చే హెచ్‌యూఎస్, ఇక్కడా చిన్న రక్తనాళాల్లో గడ్డలే. ఇందులో కిడ్నీదే పెద్ద దెబ్బ. గర్భంతో ముడిపడి వచ్చే ఈ జబ్బులో అత్యధిక భాగం కాన్పు తర్వాతే మొదలవుతుంది. సీ5ను ఆపే ఎకులిజుమాబ్ వాడితే కిడ్నీ నిలుస్తుంది, ఆలస్యమైతే డయాలసిస్ మీదే ఉండిపోవచ్చు. ఈ మందు మెదడు పొరల ఇన్ఫెక్షన్ తెచ్చే మెనింగోకాకస్ మీద రక్షణ తీసేస్తుంది. కాబట్టి టీకా వేసి, టీకా పనిచేసేదాకా యాంటీబయాటిక్ కూడా ఇవ్వాలి.

లూపస్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. లూపస్ ముదిరితే కాంప్లిమెంట్ ప్రొటీన్లు సీ3, సీ4 తగ్గుతాయి, కానీ గర్భంలో లివర్ వాటిని ఎక్కువగా తయారుచేస్తుంది. అందువల్ల ఈ సమయంలో రిపోర్టులో "నార్మల్" అని వచ్చినా అది నిజానికి తగ్గుదల కావచ్చు. వారం వారం కిందికి దిగుతుంటే అది ముఖ్యం. మూత్రంలో ఎర్రకణాల కాస్టులు, డీఎస్‌డీఎన్ఏ యాంటీబాడీ పెరగడం, కీళ్ల నొప్పులు, ఒంటి మీద దద్దుర్లు ఉంటే లూపస్ వైపు మొగ్గాలి.

పరీక్షనాళిక

మూత్రపిండం గారు చెప్పిన పరీక్షలు సగం చోట్ల పాడయ్యేది రక్తం తీసే దగ్గరే.

అడామ్‌టీఎస్13కి సిట్రేట్ గొట్టం, అంటే నీలం మూత. ఈడీటీఏ గొట్టంలో తీస్తే ఆ ఎంజైమ్ నడవడానికి కావలసిన కాల్షియం, జింక్ ఈడీటీఏ పట్టేస్తుంది. పనితనం సున్నాకు దగ్గరగా కనబడి, లేని టీటీపీ ఉన్నట్టు అవుతుంది. ప్లాస్మా ఎక్కించకముందే నమూనా తీయాలి. దాత ప్లాస్మాలో ఆ ఎంజైమ్ ఉంటుంది కాబట్టి ఎక్కించాక తీస్తే ఉన్న టీటీపీ దాగిపోతుంది.

కాంప్లిమెంట్ చివరి ముక్క సీ5బీ-9 కొలవాలంటే దానికి తిరకాసు వేరు. గొట్టంలోనే కాంప్లిమెంట్ తనంతట తాను నడిచిపోతుంది. ఈడీటీఏ గొట్టంలో తీసి, ఐస్ మీద పెట్టి, వెంటనే తిప్పి, ప్లాస్మాను −80 డిగ్రీల దగ్గర గడ్డకట్టించాలి. బల్ల మీద గంటలకొద్దీ ఉంచిన నమూనాలో వచ్చే పెద్ద అంకెకు విలువ లేదు.

రక్తపు పూతలో పగిలిన ఎర్రకణాలు చూడాలి. హెల్మెట్ లాగా, త్రికోణంగా, కొమ్ములున్నట్టు కనబడతాయి, మధ్యలోని లేత భాగం ఉండదు. యంత్రం ఇచ్చిన ప్లేట్‌లెట్ అంకెను కూడా పూతలో చూసి నిర్ధారించాలి. ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి అంకె తప్పుడుగా తగ్గడం అరుదేమీ కాదు.

ఇంకొకటి చిన్నదే గానీ రోజూ జరిగేది. బాలింత మూత్రంలో మైల రక్తం కలిసి డిప్‌స్టిక్‌లో ప్రొటీన్ రెండు ప్లస్‌లు చూపిస్తుంది. కాథెటర్‌తో తీసిన మూత్రం పంపండి, లేదా శుభ్రం చేసి మధ్య ధార పట్టి ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి. ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తికి 38 అనే హద్దు గర్భంలో ఉన్నవాళ్ల కోసం పెట్టింది. బాలింతకు దాన్ని వర్తింపజేయవద్దు.

చిరుమువ్వ

ఇంతా ఇమ్యూన్ జబ్బే అయితే సూటిగా అడుగుతాను. స్టెరాయిడ్లు, ఐవీఐజీ (దాతల యాంటీబాడీలను నరంలోకి ఎక్కించడం), టీఎన్ఎఫ్‌ను ఆపే మందులు ఎందుకు ఇవ్వరు? బీపీ మందులతో పైపైన అణచడం ఎందుకు?

నైట్‌డ్యూటీ

ప్రశ్న న్యాయమైనదే చిరుమువ్వ గారూ. జవాబు కూడా సూటిగానే ఇస్తాను.

హెల్ప్ సిండ్రోమ్‌లో డెక్సామెథసోన్ ఇచ్చి చూశారు. ప్లేట్‌లెట్ అంకె కొంత తొందరగా పెరగొచ్చు. తల్లి మరణాలు, తీవ్ర సమస్యలు తగ్గాయని మాత్రం తేలలేదు, ట్రయల్స్ అన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష చెప్పిందీ అదే. ఐవీఐజీ, టీఎన్ఎఫ్ మందులు ఈ జబ్బుకు వాడే పద్ధతిలో లేవు. పైగా స్టెరాయిడ్ బీపీని, చక్కెరను పెంచుతుంది, కుట్టు మానడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఇంకో మాట. బాలింత ప్రాణం తీసేది మెదడులో రక్తస్రావం, ఫిట్స్, ఊపిరితిత్తుల్లో నీరు. ఇవి గంటల్లో జరిగేవి. యాంటీబాడీలను తగ్గించే మందులు పనిచేయడానికి రోజులు, వారాలు కావాలి. కాబట్టి బీపీని దించడం పైపై వైద్యం కాదు. ఆ గంటలో చేయగలిగిన అసలు వైద్యం అదే.

160/110 నిలిచి ఉంటే వీటిలో ఏదో ఒకటి:

లాబెటలాల్ సూదిమందు 20 మి.గ్రా. నరంలోకి, పది నిమిషాల్లో దిగకపోతే 40, ఆ తర్వాత 80. మొత్తం 300 దాటకూడదు. ఆస్తమా, హార్ట్ బ్లాక్, నాడి బాగా నెమ్మదిగా ఉన్నవాళ్లకు వద్దు.

నిఫెడిపిన్ తొందరగా పనిచేసే రకం, నోటి ద్వారా 10 మి.గ్రా., 20 నిమిషాల తేడాతో 20, మళ్లీ 20. నాలుక కింద పెట్టొద్దు, గుచ్చి చుక్కలు వేయొద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

హైడ్రలాజిన్ 5 నుంచి 10 మి.గ్రా. నరంలోకి, 20 నిమిషాలకోసారి.

దించాల్సింది 140–150/90–100 దాకా. 120/80కి లాగాలని చూస్తే మెదడుకు, కిడ్నీకి రక్తం తగ్గుతుంది.

ఫిట్స్ వచ్చినా, తీవ్ర తలనొప్పి, చూపు తేడా, మోకాలి (పటెల్లా) రిఫ్లెక్స్ అతిగా ఎగరడం ఉన్నా మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టాలి. 2002లో వచ్చిన మ్యాగ్‌పై అధ్యయనంలో 33 దేశాల నుంచి పదివేల మందికి పైగా స్త్రీలున్నారు. మెగ్నీషియంతో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. 4 గ్రాములు నరంలోకి 15 నుంచి 20 నిమిషాల్లో, తర్వాత గంటకు 1 గ్రాము చొప్పున 24 గంటలు. ఫిట్స్ మళ్లీ వస్తే ఇంకో 2 గ్రాములు ఐదు నిమిషాల్లో.

కలిపేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 50 శాతం ద్రావణం 2 మి.లీ.లో 1 గ్రాము ఉంటుంది. 4 గ్రాములంటే 8 మి.లీ. అందులో 12 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే 20 మి.లీ., 20 శాతం. అన్ని ఆంపుల్‌లూ 50 శాతం కావు, లేబుల్ చూడకుండా లెక్క వేయవద్దు. 50 శాతాన్ని నేరుగా నరంలోకి ఎక్కించకూడదు. పంపు లేని చోట కండలోకి ఇచ్చే పద్ధతి ఉంది. ముందు నరంలోకి 4 గ్రాములు, వెంటనే ఒక్కో పిరుదులో 5 గ్రాములు లోతుగా, ఒక్కో సిరంజిలో 2 శాతం లిగ్నోకైన్ 1 మి.లీ. కలిపి. ఆపైన నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, పిరుదు మారుస్తూ.

ప్రతి మోతాదుకు ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉందా, ఊపిరి నిమిషానికి 16 తగ్గకుండా ఉందా, మూత్రం గత నాలుగు గంటల్లో 100 మి.లీ. దాటిందా అని చూడాలి. రిఫ్లెక్స్ పోవడం మొదటి హెచ్చరిక, ఊపిరి ఆగడం దాని తర్వాత. మెగ్నీషియం బయటికి పోయేది కిడ్నీ ద్వారానే. క్రియాటినిన్ పెరిగిన మనిషికి మొదటి మోతాదు అదే ఇచ్చి, తర్వాతది తగ్గించాలి లేదా ఆపాలి. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం, 10 మి.లీ., మూడు నిమిషాలకు తక్కువ కాకుండా నెమ్మదిగా. అది మంచం పక్కనే ఉండాలి.

నరంలోకి ఎక్కించే ద్రవాలు అన్నీ కలిపి గంటకు 80 మి.లీ. దాటనివ్వకండి. లోపలి పొర కారుతున్న రక్తనాళంలో ఎక్కువ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మూత్రం తక్కువ వస్తోందని సెలైన్ సీసాలు వేలాడదీయడం ఈ జబ్బులో చాలా చెడ్డ అలవాటు.

చిరుమువ్వ

అర్థమైంది. మరి నొప్పి మాత్రలు? ఐబుప్రొఫెన్ బాలింత బీపీని పెంచుతుందని కొందరు పూర్తిగా ఆపేస్తారు.

మూత్రపిండం

బాలింతల మీదే చేసిన ట్రయల్స్‌లో ఐబుప్రొఫెన్ వల్ల బీపీ చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. కిడ్నీ బాగుండి, ప్లేట్‌లెట్లు సరిగా ఉంటే ఇవ్వొచ్చు. క్రియాటినిన్ పెరిగినా, మూత్రం తగ్గినా, ప్లేట్‌లెట్లు పడుతున్నా వద్దు, పారాసిటమాల్‌తో సరిపెట్టండి. పూర్తిగా దూరం పెట్టాల్సినది మెథర్జిన్. రక్తస్రావం ఆపడానికి అలవాటుగా ఇచ్చేస్తారు, బీపీ ఉన్నవాళ్లలో అది రక్తనాళాలను బిగించి ప్రాణం మీదకు తెస్తుంది. పాలు ఆపడానికి ఇచ్చే బ్రోమోక్రిప్టిన్ కూడా అంతే.

వెన్నెలబాట

తలనొప్పి గురించి. వెన్నులో మత్తు సూది వేయించుకున్న బాలింతకు తలనొప్పి వస్తే అందరూ సూది వల్లే అనుకుంటారు. ఎలా తేడా తెలుస్తుంది? ఇంకా, జ్వరం ఉంటే అది ఇమ్యూన్ వాపులో భాగమనుకోవచ్చా?

నైట్‌డ్యూటీ

సూది తలనొప్పి కూర్చుంటే, నిలబడితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ప్రీఎక్లాంప్సియా తలనొప్పికి పడుకోవడంతో పనిలేదు, చూపులో మెరుపులు, మసక తోడవుతాయి. ఏదైనా సరే ముందు బీపీ చూడాలి. చూడకుండా "స్పైనల్ వల్లే" అని కాఫీ తాగమని పంపేయడం నేరంతో సమానం. బీపీ దిగినా నొప్పి ఆగకపోతే, ఒక వైపు బలహీనత ఉంటే, పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా మొదలైతే స్కాన్ కావాలి. ప్రీఎక్లాంప్సియా వల్ల మెదడు వెనక భాగంలో నీరు చేరే ప్రెస్ అనే పరిస్థితి ఎంఆర్‌ఐలో కనబడుతుంది. మెదడు సిరల్లో గడ్డ కూడా బాలింతల్లో ఎక్కువే, వీనోగ్రామ్ (సిరలను చూపే స్కాన్) తీయకుండా దాన్ని కాదనలేం.

జ్వరం ప్రీఎక్లాంప్సియా లక్షణం కాదు. జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ ఎక్కడుందో వెతకాలి. గర్భసంచి, మూత్రం, కుట్టు, రొమ్ము, అన్నీ. తెల్లకణాల అంకె ఒక్కదాన్ని నమ్మొద్దు. నొప్పులు, కాన్పుతోనే అది 20 వేలు దాటొచ్చు.

సూక్ష్మదర్శిని

పాల గురించి ఎవరూ అడగలేదు గానీ తప్పక వచ్చే భయం. "నా ఒంట్లో చెడు యాంటీబాడీలున్నాయి, పాలిస్తే బిడ్డకు పోతాయా?" పాలలో ఎక్కువగా ఉండేది ఐజీఏ, అది బిడ్డ పేగు పొరను కాపాడుతుంది. ఏటీ1 యాంటీబాడీలు ఐజీజీ రకం. ఈ జబ్బు పేరుతో పాలు మాన్పించడానికి కారణం లేదు. లాబెటలాల్, నిఫెడిపిన్, ఎనలాప్రిల్, మెగ్నీషియం వాడుతూ పాలివ్వొచ్చు.

ఎనలాప్రిల్ అన్నాక నా ఆసక్తి కొద్దీ ఒక మాట. గర్భంలో నిషిద్ధమైన ఈ మందు బాలింతకు బాగా పనికొస్తుంది, యాంజియోటెన్సిన్ దారినే అడ్డుకుంటుంది కాబట్టి ఆలోచన చక్కగా కలుస్తుంది. అయితే ఏటీ1 యాంటీబాడీ రిసెప్టర్‌ను నేరుగా నొక్కుతుంది, హార్మోన్ తయారీని ఆపే ఎనలాప్రిల్ దాన్ని ఆపలేదు. కాగితం మీద ఎంత బాగున్నా, యాంటీబాడీకి మందుగా కాకుండా మంచి బీపీ మందుగానే దాన్ని చూడాలి.

వెన్నెలబాట

ఇంటికెళ్లాక ఏం చేయాలో ఎవరైనా రాస్తారా? ఇది చదివే చాలామందికి అదే అవసరం.

నైట్‌డ్యూటీ

గర్భంలో బీపీ ఉన్నవాళ్లకు తీవ్రమైన రకమైతే కాన్పయిన 72 గంటల్లోపు, అందరికీ 7–10 రోజుల మధ్య ఇంకోసారి బీపీ చూడాలి. ఇంట్లో మిషన్ ఉంటే మొదటి పది రోజులు పొద్దున, సాయంత్రం.

చూసే తీరు ముఖ్యం. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద, కాలు మీద కాలు వేయకుండా. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. బిడ్డకు పాలిస్తూ, మాట్లాడుతూ చూడొద్దు. పట్టీ లోపలి గాలిసంచి చెయ్యి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. చిన్న పట్టీ వాడితే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. మణికట్టు మిషన్లు ఈ పనికి వద్దు. గర్భిణుల మీద పరీక్షించి ఆమోదం పొందిన మిషన్ అయితే మంచిది, కొన్ని మిషన్లు ప్రీఎక్లాంప్సియాలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి.

150/100 వస్తే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడాలి. 160/110 వస్తే పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసి, అలాగే ఉంటే వెంటనే ఆసుపత్రికి. పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, పడుకుంటే ఆయాసం, చూపు మసక, తగ్గని తలనొప్పి ఉంటే మిషన్ అంకె ఎంతున్నా ఆగొద్దు. వెళ్లిన చోట మొదటి మాటగా "కాన్పయి ఇన్ని రోజులైంది" అని చెప్పాలి. గర్భం కనబడదు కాబట్టి క్యాజువాల్టీలో ఎవరికీ ఈ జబ్బు తట్టకపోవచ్చు.

చిరుమువ్వ

తర్వాతి గర్భం సంగతి? తండ్రి వైపు గుర్తులకు తల్లి అలవాటు పడాలన్న సిద్ధాంతం ఒకటుంది కదా.

సూక్ష్మదర్శిని

ఉంది. దంపతులు కలిసి ఉన్న కాలం తక్కువైతే గర్భంలో బీపీ ఎక్కువని 1994లో గ్వాడెలూప్ నుంచి వచ్చిన అధ్యయనం చూపింది. మొదటి గర్భంలో, భర్త మారినప్పుడు, దాత అండంతో వచ్చిన గర్భంలో ప్రమాదం పెరగడం కూడా ఆ ఆలోచనకు సరిపోతుంది. జీవశాస్త్రంగా ఇది విలువైనదే. దీన్ని సలహాగా మార్చి "ఇన్నాళ్లు ఆగండి" అని ఎవరికీ చెప్పకండి.

చేయగలిగింది ఆస్పిరిన్. 2017 నాటి ఆస్ప్రీ ట్రయల్‌లో ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు రాత్రిపూట 150 మి.గ్రా., 11–14 వారాల నుంచి 36 వారాల దాకా ఇస్తే నెలలు నిండకముందు వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. 16 వారాల లోపు మొదలుపెట్టాలి. బాలింతగా ఉన్నప్పుడు ఈ జబ్బు కోసం ఆస్పిరిన్ వేసుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

మూత్రపిండం

34 వారాల లోపు తీవ్రంగా వచ్చినవాళ్లకు, గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు చేయించాలి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, కార్డియోలిపిన్, బీటా2-గ్లైకోప్రొటీన్ యాంటీబాడీలు. ఒకసారి పాజిటివ్ వస్తే లెక్కలోకి రాదు, 12 వారాల తర్వాత మళ్లీ రావాలి. హెపారిన్ వాడుతున్నప్పుడు లూపస్ యాంటీకోయాగ్యులెంట్ తప్పుగా చూపించొచ్చు, నమూనా ఎప్పుడు తీశారో రాసిపెట్టండి.

మందులు ఎప్పుడు తగ్గించాలని రేపు ఎవరైనా అడుగుతారు. బీపీ 140/90 లోపు నిలకడగా ఉంటే తగ్గించే ఆలోచన చేయాలి, 130/80 లోపుకు వస్తే తగ్గించాలి. ఒక్కసారిగా కాదు, ఒక్కో మందు. ఎనలాప్రిల్ మీద ఉంటే పొటాషియం, క్రియాటినిన్ చూస్తూ, మళ్లీ గర్భం రాకుండా జాగ్రత్త తీసుకోవాలి. మూడు నెలలకు మూత్రంలో ప్రొటీన్ ఇంకా పోతుంటే ప్రీఎక్లాంప్సియా మిగులేనని వదిలేయకుండా కిడ్నీ డాక్టర్‌కు పంపండి. బీపీ పూర్తిగా తగ్గినవాళ్లకు కూడా ఏడాదికోసారి బీపీ, చక్కెర, కొవ్వు పరీక్షలు కావాలి. ఈ జబ్బు వచ్చినవాళ్లకు ముందు ముందు గుండెజబ్బు ప్రమాదం రాని వాళ్లకంటే సుమారు రెండింతలు.